వెనక బెంచీ క్లారెన్స్

మా మామగారు ఒకటో తరగతిలో చేరిన ఏడు మా మ్యూజియంకి వచ్చినన్ని బస్సులు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. అది ఎనభై ఎనిమిది. తెల్లవాళ్ళు వచ్చి దిగిన లెక్కన దేశానికి రెండొందల ఏళ్ళు నిండాయని ఊరూరా సంబరాలు. వేల ఏళ్ళుగా ఇక్కడే ఉన్న ఆదివాసులు, మా నది జనం మాత్రం ఆ లెక్క విని నవ్వుకున్నారు. డార్లింగ్ నది ఒడ్డున, ఎర్రమట్టిలో, ఒక వీధీ రెండు బార్లూ తప్ప ఏమీ లేని మా యారబిల్లాకి కూడా ఆ వసంతకాలమంతా, అంటే సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, వారానికి రెండు బస్సుల పిల్లలు దిగేవాళ్ళు.

మ్యూజియం అన్నానని పెద్దగా ఊహించుకోకండి. కంచె వేసిన ఎకరం నేల, అంతే. మూతబడిన ఏదో పల్లె నుంచి ట్రక్కు మీద ఎక్కించి తెచ్చిన ఒంటిగది బడి ఒకటి, గొర్రెల ఉన్ని కత్తిరించే రేకుల షెడ్డు ఒకటి, కొలిమి ఒకటి. బడి నాది. మెడదాకా బొత్తాలున్న నల్లగౌను, గట్టిగా బిగించిన ముడి, చేతిలో బెత్తం. పేరు మిస్ థాకబెరీ. గంట కొట్టిన క్షణం నుంచి మళ్ళీ గంట కొట్టేదాకా అక్కడ పంతొమ్మిది వందలో సంవత్సరం నడుస్తుంది. ఆ మధ్యలో ఎవరూ వేషం దిగకూడదు. పిల్లలైనా, వాళ్ళతో వచ్చిన టీచరైనా, నేనైనా సరే. అదీ మా పద్ధతి. గోళ్ళు చూసేదాన్ని, చెవుల వెనక చూసేదాన్ని, ఆముదం సీసా చూపించి హడలగొట్టేదాన్ని. ఇంట్లో నా మాట వినే దిక్కు లేదు గానీ అక్కడ గదినిండా పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళు. పైసా జీతం లేకపోయినా ఆ పనంటే నాకు ప్రాణం.

మామగారి పేరు క్లారెన్స్ కెలహర్. ఊరందరికీ క్లారీ. నేనూ క్లారీ అనే పిలవాలి, నువ్వు అనే అనాలి. మర్యాద చేశానంటే "ఎవరితో మాట్లాడుతున్నావ్?" అని వెనక్కి తిరిగి చూసేవారు. జీవితమంతా గొర్రెల మీద వంగి ఉన్ని కత్తిరించీ కత్తిరించీ నడుం ఆ వంపులోనే ఉండిపోయిన మనిషి. ఆ చలికాలంలో మా అత్తగారు డల్సీ పోయారు. ఈయన తన బట్టలూ కుక్కా తెచ్చుకుని మా వరండా గదిలో చేరారు. చేరి, మంచం మీద కూర్చుని గోడ చూస్తూ ఉండేవారు.

మా ఆయన రస్సూ, వాళ్ళ నాన్నా మాట్లాడుకునేవి మూడే సంగతులు. వాన, గొర్రెలు, క్రికెట్టు. ఆ ఏడు వాన ఎలాగూ లేదు.

"ఎక్కడికైనా తీసుకుపో బెవ్, ఆయన్ని అలా చూస్తూ నేను ఇంట్లో అన్నం తినలేను," అన్నాడు రస్ ఒకరోజు.

"నువ్వే వెళ్ళి నాలుగు మాటలు మాట్లాడొచ్చుగా?"

"ఏం మాట్లాడను? ఆయన నాతో ఎప్పుడు మాట్లాడాడని? బళ్ళో ఉన్నన్నాళ్ళూ ప్రతి రిపోర్టూ తెచ్చి ముందు ఆయన చేతికే ఇచ్చేవాణ్ణి. అటు తిప్పి, ఇటు తిప్పి, మడిచి అమ్మకిచ్చేవాడు. ఫస్టొచ్చినప్పుడూ అంతే. నోట్లోంచి ముత్యం రాలేది కాదు. చదువుకోరా అని ఒక్కమాట అనుంటే పదిహేనేళ్ళకి బడి మానేసేవాణ్ణా నేను?"

ఈ మాట మా పెళ్ళయిన కొత్తల్లో విన్నాను, మధ్యలో విన్నాను, అప్పుడూ విన్నాను. అది తలుచుకున్న రోజు రస్ ఇంకెవరితోనూ మాట్లాడడు. నేను మాంసం ప్లేటు ముందుకు తోశాను.

అలా క్లారీ మ్యూజియంకి వచ్చారు. మధ్యాహ్నం షెడ్డులో పాతకాలపు కత్తెరతో గొర్రె ఉన్ని తీసి చూపించడం ఆయన పని. రెండురోజుల్లో ఆ షెడ్డు ఆయన రాజ్యమైపోయింది. ఒక పిల్లాడి చేతికి చీపురు, ఇంకో పిల్ల చేతికి తారు డబ్బా. గొర్రెకి గాటు పడిందంటే "తారూ!" అని అందరూ అరవాలి, డబ్బా పట్టుకున్న పిల్ల పరిగెత్తుకొచ్చి పూయాలి. వెనకటికి షెడ్డులోకి ఆడవాళ్ళు వస్తుంటే మగవాళ్ళు బూతులు ఆపుకోవడానికి ఒక కేక ఉండేది. అదీ నేర్పారు. నేను పిల్లల్ని పిలవడానికి వెళితే చాలు, బస్సు బస్సంతా గొంతు చించుకుని "చెరువులో బాతులొచ్చాయ్!" అని అరిచేది. వాళ్ళ టీచర్లు నోరెళ్ళబెట్టేవాళ్ళు.

పొద్దుట ఆయనకి పని ఉండదు. టోపీ ఒళ్ళో పెట్టుకుని నా బళ్ళో వెనక బెంచీ మీద కూర్చునేవారు. ఒకరోజు ఒక పిల్ల లేచి "మిస్, ఆ తాతెవరు?" అంది. వేషం దిగకూడదు కదా.

"అతని పేరు క్లారెన్స్," అన్నాను బెత్తం బల్లమీద కొట్టి. "అరవై ఏళ్ళుగా ఒకటో తరగతి తప్పుతూనే ఉన్నాడు. శ్రద్ధగా చదవకపోతే మీ గతీ అంతే."

గది గొల్లుమంది. క్లారీ లేచి చేతులు కట్టుకున్నారు. "ఈసారి తప్పకుండా పాసవుతాను మిస్," అన్నారు. ఇంకో నవ్వు. ఇది బాగుందనుకుని ఆయనకీ ఒక పలకా బలపం ఇచ్చాను. ఆనాటి నుంచి వెనక బెంచీ క్లారెన్స్ లేకుండా మా బడి నడవలేదు. పాత పిల్లలు చెబితే కొత్త పిల్లలు బస్సు దిగుతూనే ఆయన గురించి అడిగేవాళ్ళు.

కొన్ని వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం పలకలు తుడిచి పెడుతున్నాను. పిల్లల పలకల మీద ఏముంటాయి? కంగారూలు, కొమ్ములున్న మిస్ థాకబెరీలు. క్లారీ పలక మీద మాత్రం పైనుంచి కిందిదాకా ఒకటే అక్షరం. వరస వరసకీ కుదురుగా, వరస వరసకీ తిన్నగా. బలపం నొక్కిన నొక్కుకి పలక గీరుకుపోయింది.

ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఇది నువ్వు రాసిందా క్లారీ?"

"పిల్లలెవరో రాసుంటారు."

"పిల్లలు ఇంత బుద్ధిగా రాయరు."

గబగబా వచ్చి చొక్కా చేత్తో పలక తుడిచేశారు. తుడిచి, అదే బెంచీ మీద కూలబడ్డారు.

"నువ్వు నవ్వించడానికి అన్నావు, ఒకటో తరగతి తప్పాడని. తప్పడానికి అసలు చేరితే కదా తల్లీ? ఆరేళ్ళప్పుడు నాన్న పోయాడు. పాలపళ్ళు ఊడకముందే షెడ్డులో తారు డబ్బా మోశాను. బళ్ళో బెంచీ మీద కూర్చోవడం నాకిదే మొదలు."

"మరి ఇన్నాళ్ళూ..."

"డల్సీ ఉందిగా. చదివేది తను, తలూపేది నేను. సంతకమంటావా, అది బొమ్మ గీసినట్టు గీస్తాను." జేబులోంచి కళ్ళజోడు తీసి చూపించారు. "ఇదీ తనదే. నా కళ్ళకేం, గద్ద కళ్ళు. ఇది పెట్టుకుంటే ఎవరూ అనుమానపడరని."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "రస్‌కి తెలుసా?" అన్నాను.

"రస్‌కి చెప్పావంటే కుక్కని తీసుకుని ఈ ఊరొదిలి పోతా." అంత గట్టిగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "వాడు నేను పట్టించుకోలేదనుకుంటున్నాడు. అనుకోనీ. తండ్రి చదువురాని మొద్దని తెలియడం కంటే అదే నయం. నా మాట కాదనకు బెవ్."

కాదనలేకపోయాను. నా బెత్తం తీసుకుని బల్లమీద కొట్టాను.

"గురువారం నల్లబల్ల దగ్గరికి పిలుస్తాను క్లారెన్స్. తప్పు రాస్తే ఆముదమే."

"అలాగే మిస్."

ఆ తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు బెంగగా ఉంటుంది. అంతమంది కళ్ళ ముందు, అందరూ నవ్వుతుండగా, ఎవరికీ తెలియకుండా ఒక మనిషి చదవడం నేర్చుకున్నాడు. ఏ ఊరి పిల్లలొచ్చినా నా పాఠం క్లారీ ఆగిన చోటు నుంచే మొదలయ్యేది. పాతకాలపు పాఠం ఇలాగే ఉండేది కాబోలని పిల్లలూ వంతపాడేవాళ్ళు. పక్కన కూర్చున్న పిల్లకాయ ఎవరో ఒకరు ఆయనకి సాయం చేసేవాడు. "ఇలా కాదు తాతా, గుండ్రంగా చుట్టి కిందికి లాగు," అని చెయ్యి పట్టుకుని దిద్దించేవాడు. ఆయన నాలిక బయటపెట్టి దిద్దేవారు. అదంతా నాటకమనుకుని పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. వాళ్ళతో పాటు ఆయనా నవ్వేవారు.

ఇంటికి వెళ్ళే దారిలో పికప్‌లో ప్రతి బోర్డూ చదవాల్సిందే. నేను మెల్లగా నడపాలి. "కంగా... రూలు... తిరుగు... ప్రదేశం," అని ఆయన పూర్తి చేసేసరికి నిజం కంగారూలు రెండు రోడ్డు దాటి వెళ్ళిపోయాయి. "చూశావా, చదివినట్టే జరిగింది," అన్నారు. ఇంటి గేటు దగ్గరికి రాగానే నోరు మూసుకునేవారు. రస్ పెరట్లో ఉంటే, వాన పడేలా లేదని ఒక మాట అని వరండా గదిలోకి పోయేవారు.

అక్టోబరులో మా సంఘం అధ్యక్షుడు టింబ్రెల్ మ్యూజియంలో ప్రతి వస్తువుకీ అచ్చు లేబుళ్ళు పెట్టించాడు. టింబ్రెల్ బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. మంచివాడే, కాకపోతే సంతకం లేకపోతే తన పుట్టినరోజు కూడా నమ్మడు. షెడ్డులో గోడకి ఒక పాత ఫోటో ఉండేది. చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డ ఆరుగురు ఉన్ని పనివాళ్ళు. అందులో చివరివాడు క్లారీ తండ్రి ఆంబ్రోస్. ఆయన ఎక్కడో నది అవతల షెడ్డులో జ్వరం వచ్చి పోతే అక్కడే ఒడ్డున పాతిపెట్టారట. గుర్తుకి పెట్టిన కర్ర ఆ ఏడు వరదకే కొట్టుకుపోయింది. లోకంలో ఆయన ఉన్నాడనడానికి ఆ ఫోటో ఒక్కటే మిగిలింది.

"బెవ్! ఇలా రా, త్వరగా రా!" క్లారీ కేకలకి నేను గౌను ఎత్తిపట్టుకుని పరిగెత్తాను. ఫోటో, దాని కింద కొత్త లేబులూ గాజుపెట్టెలో ఉన్నాయి. "నాన్న పేరు అచ్చేశారు! మూడు లైన్లు రాశారు చూడు, మూడు లైన్లు!"

నేను చూశాను. మొదటి లైనులో "ఉన్ని పనివాళ్ళు" అని ఉంది. రెండో దాంట్లో "సుమారు 1912" అని. మూడో దాంట్లో "పేర్లు తెలియవు" అని.

"క్లారీ, అందులో..."

"ఆగాగు! చదవకు!" నా నోటికి చెయ్యి అడ్డం పెట్టినంత పని చేశారు. "ఇంత చిన్న అచ్చు ఇప్పుడప్పుడే నా వల్ల కాదు. ఆఖరి బస్సు వచ్చే నాటికి నేనే చదువుతాను, ఆ పిల్లల ముందు. అప్పటిదాకా ఎవరూ నాకు చెప్పడానికి వీల్లేదు. మా నాన్న పేరు నేను చదవాలి బెవ్. అది చదివితే చాలు నాకు, ఇంకేం చదవక్కర్లేదు."

తిన్నగా టింబ్రెల్ ఇంటికి వెళ్ళాను. గులాబీలకి నీళ్ళు పెడుతున్నాడు.

"ఆ ఫోటోలో ఉన్నవాళ్ళందరి పేర్లూ క్లారీకి తెలుసు. పెద్దయ్యాక వాళ్ళల్లో సగం మందితో కలిసి పనిచేశాడు. లేబుల్ మార్చండి."

"బెవర్లీ, ఈ ఊళ్ళో ప్రతి ముసలాయనా ఆ ఫోటోలో మా నాన్న ఉన్నాడనే అంటాడు. మొన్న ఒకావిడొచ్చి ఆ చివరాయన మా తాతయ్య అంది. నేనెవర్ని నమ్మను?"

"క్లారీని నమ్మండి."

"నమ్మనని అనలేదు. డిసెంబరు సమావేశంలో పెడదాం. అందరూ ఒప్పుకుంటే మార్చేద్దాం. ఇన్నేళ్ళు ఆగినవాడు ఇంకో రెండు నెలలు ఆగలేడా?"

ఆఖరి బస్సు నవంబరులో. ఎందుకు తొందరో చెప్పాలంటే క్లారీ గుట్టు చెప్పాలి. టింబ్రెల్ భార్య నోట్లో నువ్వుగింజ నానదు. గాజుపెట్టె తాళమేమో టింబ్రెల్ గొలుసుకి వేలాడుతోంది. నేను పళ్ళు నూరుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ తర్వాత నేను పడ్డ పాట్లు పగవాడికి వద్దు. లేబుల్‌కి అడ్డంగా ఉన్ని మూటలు పెట్టాను. "నాన్న పేరు కనపడటం లేదు," అని ఆయన తీసేశారు. యూకలిప్టస్ కొమ్మలు పెడితే అవీ తీసేశారు. వచ్చిన ప్రతి బస్సు పిల్లల్నీ ఆ ఫోటో ముందు నిలబెట్టి, "ఈ చివర మీసాలాయన మా నాన్న. పేరు ఇదిగో, అచ్చులో ఉంది, చూసుకోండి," అని ఛాతీ విరుచుకునేవారు. పిల్లలు చూసేవాళ్ళు. చూసి, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు.

ఒకరోజు కళ్ళజోడు పెట్టుకున్న ఒక చిట్టి పండితుడు "కానీ తాతా, ఇక్కడ రాసింది..." అని మొదలుపెట్టాడు. నేను గంట ఎత్తి పిచ్చిదానిలా మోగించాను. షెడ్డులో పని ఇంకా అరగంట ఉండగానే బడి వదిలేసిన మొదటి మిస్ థాకబెరీని నేనే. పిల్లలు హాయిగా మిగిలిన శాండ్‌విచ్‌ల మీద పడ్డారు. క్లారీ నా వంక వింతగా చూశారు.

ఇంటికి పోతూ పికప్‌లో ఇక ఉండబట్టలేకపోయాను. "క్లారీ, ఆ లేబుల్ గురించి ఒక మాట."

"చెప్పొద్దన్నానా లేదా?" అని ఆయన ఈల వేయడం మొదలుపెట్టారు. డల్సీ పోయాక ఆయన ఈల వినడం అదే మొదటిసారి.

ఆఖరి బస్సు కోబార్ పట్నం అవతల నుంచి వచ్చింది. ఎండ మండిపోతోంది, ఈగలు ముసురుతున్నాయి. పొద్దుటి పాఠంలో క్లారీ నల్లబల్ల మీది వాక్యమంతా ఆగకుండా చదివారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన నా వైపు చూసి కన్ను గీటారు.

పిల్లలకి చూపించడానికి రెండు గొర్రెల్ని తెచ్చేది రస్సే, మామూలుగా వాటిని షెడ్డు పక్క దొడ్లో దింపి వెళ్ళిపోయేవాడు. ఆ రోజు దొడ్డి తలుపు ఊడిపోయింది. రెండో గొర్రెని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని షెడ్డులోనే ఓ పక్కన నిలబడ్డాడు. పిల్లలు పలకలు చంకలో పెట్టుకుని చుట్టూ మూగారు. క్లారీ ఉన్ని తీశారు, ఒక గాటు పడింది, "తారూ!" అని షెడ్డు అదిరిపోయింది. అంతా అయ్యాక చేతులు ప్యాంటుకి తుడుచుకుని, డల్సీ కళ్ళజోడు పెట్టుకుని ఫోటో దగ్గరికి నడిచారు.

"ఇదిగో, ఈ చివర మీసాలాయన మా నాన్న. ఆయన పేరు..."

గాజు మీద వేలు పెట్టారు. పెదవులు కదిలాయి. ఆ పెదవులు ఎలా కదులుతాయో నాకు తెలుసు. ఒక్కో లైనూ దిగుతూ వచ్చి మూడో దాని దగ్గర ఆగాయి. మళ్ళీ మొదటికి వెళ్ళాయి. మళ్ళీ వచ్చి అక్కడే ఆగాయి.

నేను గంట ఎత్తాను. మోగిస్తే చాలు, పిల్లలు పరిగెడతారు. క్లారీ వెనక్కి చూడకుండానే చెయ్యి పైకెత్తారు, బళ్ళో అడిగినట్టు. నేను గంట దించేశాను.

"పే... ర్లు," అని చదివారు పైకి. "తె... లి... య... వు." వేలు మాట మాటకీ జరుగుతోంది. "పేర్లు తెలియవు."

ఎవడో కిసుక్కుమన్నాడు. వాళ్ళ టీచరు వాడి భుజం నొక్కింది. నేను రస్ వైపు చూశాను. రస్ కళ్ళు తండ్రి వేలి మీదే ఉన్నాయి. రస్‌కి నేను ఒక్క ముక్క చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఆ వేలూ, ఆ ఆగడమూ చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

క్లారీ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇది తప్పు," అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. "పేర్లు నాకు తెలుసు. పలకలు తీయండి పిల్లలూ. ఫోటోలో నిలబడ్డ వరసే షెడ్డులో వాళ్ళ వరస. మొదటాయన జాక్ డన్‌ఫీ. నోరు విప్పితే అన్నీ కోతలే. రెండోవాడు ఓల్సన్, నిద్రలో కూడా టోపీ తీయడు. మూడోవాడు జార్జీ, నది జనం మనిషి. ఇంటిపేరు ఎవరూ అడగలేదట. అడగాల్సింది. ఆ పక్క ఇద్దరూ పికెట్ అన్నదమ్ములు, ఒకడికీ ఒకడికీ మాటల్లేవు, కానీ పక్కపక్కనే నిలబడతారు."

బలపాలు కిచకిచలాడాయి. రాసిన పలక రాసినట్టు పిల్లలు గోడవార ఫోటో కింద నిలబెడుతున్నారు. ఒకే పేరు పది పలకల మీద, పది రకాలుగా.

"ఆఖరాయనది నేను రాస్తాను," అన్నారు క్లారీ.

ఒక పిల్ల తన పలక ఇచ్చింది. ఆయన గొర్రె ఉన్ని తీసే చోట, చెక్కల మీదే కింద కూర్చుని రాశారు. చాలాసేపు రాశారు. ఆంబ్రోస్ కెలహర్. నా వైపు ఎత్తి చూపించి "సరిచూడండి మిస్," అన్నారు. నేను తలూపాను. వేషం దిగకూడదని నేను పెట్టుకున్న నియమం మూలంగా ఏడవడానికి కూడా లేకపోయింది. అయినా ఏడ్చాను.

డిసెంబరులో ఆ లేబుల్ మార్చారు లెండి. టింబ్రెలే స్వయంగా వచ్చి తాళం తీశాడు. ఇప్పుడు ఆ షెడ్డులో బొత్తాం నొక్కితే గొర్రె అరిచే యంత్రాలున్నాయి, పిల్లలు నొక్కి నొక్కి వెళ్ళిపోతారు. క్లారీ లేరు, ఆ బెంచీలూ లేవు. నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఆడేది మాత్రం ఆ మధ్యాహ్నం.

రస్ గొర్రెని వదిలేశాడు. అది పిల్లల మధ్యలోంచి దూసుకుపోయి బయటికి పరుగు తీసింది. ఎవరూ దాని వెంట పడలేదు. రస్ వచ్చి తండ్రి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఎప్పట్నించి నాన్నా, ఈ చదవడం?"

"సెప్టెంబరు నించి."

"అంతకుముందు?"

"రాదు."

"అయితే నా రిపోర్టులు..."

క్లారీ పలక ఒళ్ళో పెట్టుకున్నారు. దాచిందంతా పోయాక ఇంకేం మిగిలిందన్నట్టు కొడుకు ముఖంలోకి చూశారు.

"మూడో తరగతి. 'రస్సెల్ లెక్కల్లో చురుకు. చేతిరాత కోడిగీతలు.' నాలుగో తరగతి. 'తోటివాళ్ళకి సాయం చేస్తాడు. బడికి బూట్లు వేసుకుని రావాలి.' ఆ ఏడు నీకు బూట్లు కొన్నాం, గుర్తుందా? ఐదో తరగతి. 'క్లాసులో మొదటివాడు. వీడు పైచదువులకి వెళ్ళాలి. కానీ పాఠం జరుగుతుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు.' ఆరో తరగతిలోనూ ఆ కిటికీ సంగతే రాశారు." ఊపిరి తీసుకున్నారు. "నువ్వు పడుకున్నాక మీ అమ్మ చేత చదివించుకునేవాణ్ణి. ఒకసారి వింటే చాలేది కాదు. నోటికొచ్చేదాకా చదివించేవాణ్ణి. తర్వాత షెడ్డులో పొద్దస్తమానం గొర్రె మీద వంగి అవే అనుకునేవాణ్ణి. నీతో అందామంటే, ఏదీ చదువు చూద్దాం అంటావేమోనని భయం."

"మిస్, ఇది కూడా పలక మీద రాయాలా?" అని ఒక పిల్ల నా గౌను లాగింది. వద్దన్నట్టు చెయ్యి ఊపాను.

రస్ తల వంచుకున్నాడు. భుజాలు ఒక్కసారి కదిలాయి. క్లారీ చెయ్యి చాచి, తారూ ఉన్నీ అంటుకున్న ఆ చెయ్యి కొడుకు తల మీద వేశారు. అలా వేయడం నేను చూడటం అదే మొదలు.

"ఎన్నాళ్ళ నించో అడగాలనుకుంటున్నానురా," అన్నారు. "ఆ కిటికీలోంచి ఏం చూసేవాడివి?"

"నది రోడ్డు," అన్నాడు రస్, తలెత్తకుండానే. "సీజన్ అయ్యాక షెడ్ల నించి మనుషుల్ని తెచ్చే లారీ ఆ రోడ్డునే వచ్చేది. నువ్వు ఏ రోజు వస్తావో అమ్మకీ తెలిసేది కాదు. అందుకని రోజూ చూసేవాణ్ణి."